బ్రాకెట్లలో ఆయన

ఈ పొద్దున మా వంటగది నాలుగు ఖాళీలు లోపలికి జరిగి ఉంది. హాలు గోడకీ దానికీ మధ్య ఇప్పుడు ఒక సందు. సందులో ఏమీ లేదు, దుమ్ము కూడా లేదు. అదే నాకు నచ్చడం లేదు.

"నీ పనేనా?" అంటాను.

"అవునండీ, ఇల్లు సర్దుతున్నా" అంటుంది నా భార్య అలివేలు, తల ఎత్తకుండా.

అలివేలు ఒక మిక్సీల కంపెనీకి మిక్సీ వాడే విధానాలు రాస్తుంది. రంగులూ హంగులూ లేకుండా అన్నీ సాదా అక్షరాల్లోనే రాస్తారట. ముందు హ్యాష్ గుర్తు పెడితే అది పెద్ద అక్షరాల శీర్షిక. అటూ ఇటూ రెండేసి నక్షత్రపు చుక్కలు పెడితే లావు అక్షరం. నాలుగు ఖాళీలు వదిలి మొదలుపెడితే ఇక ఏ గుర్తూ పనిచేయదు, రాసింది రాసినట్టే కనబడుతుంది. మిక్సీకి పనికొచ్చింది ఇంటికి ఎందుకు పనికిరాదని ఆవిడకి అనిపించింది.

హాలు ముందు హ్యాష్ నిలబడి ఉంది. హాలు పెద్దదైపోయి ఫ్యాను ఎక్కడో పైన తిరుగుతోంది, గాలి కిందికి దిగడం లేదు. చుక్కల మధ్య ఫ్రిజ్ ఒళ్లు చేసింది, తలుపు పడటం లేదు. వంటగదిలోకి వెళ్లి గట్టిగా అరుస్తాను. గొంతు పెరగదు. మాటకి అటూ ఇటూ చుక్కలు రాలి గచ్చు మీద పడతాయి. అలివేలు వాటిని చీపురుతో ఓ మూలకి తోస్తుంది.

ఇవన్నీ సర్దుకుపోతాను. నా సంగతే తేలడం లేదు.

నాకు రెండు పక్కలా చదరపు బ్రాకెట్లు మొలిచాయి. పెళ్లైనప్పటి నుంచీ అలివేలు నా పేరు పలకదు, ఎవరితో చెప్పినా "ఆయన" అంటుంది. ఇప్పుడా ఆయనని బ్రాకెట్లలో పెట్టింది. ఆవిడ రాతల్లో చదరపు బ్రాకెట్లలో ఉన్న మాటంటే లింకు. నన్ను నొక్కితే ఎక్కడికో తెరుచుకోవాలి. ఆ అడ్రసు నా వీపు వెనక గుండ్రటి బ్రాకెట్లలో ఉంది. అద్దం దగ్గరికి వెళితే అద్దం కూడా గోడవైపు తిరిగి నాకు తన వీపే చూపిస్తోంది.

సిలిండరు తెచ్చిన గ్యాస్ కోటయ్య "కాస్త జరగండి సార్" అంటూ నా భుజం మీద చెయ్యి వేసి మాయమవుతాడు. కాసేపటికి చొక్కా నలగకుండా తిరిగొస్తాడు.

"ఆయనే సిలిండరు ఎత్తి లోపల పెట్టారండీ. నన్ను కూచోమన్నారు."

నేను ఈ జన్మలో సిలిండరు ఎత్తలేదు.

పక్కింటి కామేశ్వరి పిన్నిగారు కూడా నన్ను తట్టి వెళ్లి, కళ్లు తుడుచుకుంటూ వస్తుంది. "నా మోకాళ్ల నొప్పి సంగతి మొత్తం విన్నాడమ్మా ఆయన. ఒక్కసారి టీవీ వంక చూడలేదు" అని అలివేలుతో చెబుతుంది. అలివేలు మురిసిపోతుంది. నాకు ఒళ్లు మండిపోతోంది.

"ఎవడు వాడు?"

"ఆయనండీ."

"మరి నేను?"

"మీరు నొక్కే చోటు. ఆయన తెరుచుకునే చోటు."

నాకు భయం వేస్తోంది. అలివేలు నన్ను వదిలి వాడి దగ్గరికి వెళ్లిపోతుంది, దారి కూడా నేనే. ఆవిడ చెయ్యి పట్టుకుని వంటగదిలోకి లాక్కెళతాను. అక్కడ రాసింది రాసినట్టే కనబడాలి కదా. వీపు తిప్పి నిలబడి "చదువు" అంటాను.

చదువుతుంది. మా వీధి పేరు. మా డోర్ నంబరు. పాలకేంద్రం ఎదురుగా, అని ఆనవాలు కూడా.

"మన ఇల్లే కదండీ. నేనింకెక్కడికి వెళ్తాను?"

అనుమానం తగ్గాలి. ఇంకా పెరుగుతోంది. హాల్లోకి వచ్చి నా భుజం మీద నేనే చెయ్యి వేసుకుంటాను.

మా ఇంట్లోనే ఉన్నాను. ఇక్కడ హాలు హాలంతే ఉంది. అలివేలు బల్ల దగ్గర చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఎదుటి కుర్చీ ఖాళీ, దాని ముందు ఈనెలు తీసిన కాయలు కుప్పగా ఉన్నాయి. కుర్చీ మీద చెయ్యి పెడతాను. ఇంకా వెచ్చగా ఉంది.

"ఏడీ?"

"ఇప్పుడే లేచి వెళ్లారండీ. ఎవరో ఆయన కోసం వెతుకుతున్నారట పాపం, తీసుకొస్తానన్నారు." తల ఎత్తి నన్ను ఎంతో మర్యాదగా చూస్తుంది. "మీరెవరి తాలూకండీ?"

నా పేరు చెబుదామనుకుంటాను. ఆవిడ నోట ఏనాడూ వినలేదు కనక నాకూ గుర్తు రావడం లేదు.

"ఆయన తాలూకే" అంటాను. ఏడుపొస్తోంది.

"అయితే కూచోండి, వచ్చేస్తారు."

కూచుంటాను. కిటికీలోంచి వీధి కనబడుతోంది. నా చొక్కా తొడుక్కున్న ఒకాయన మా గుమ్మాన్ని ఊడదీసి చంకలో పెట్టుకుని వెళుతున్నాడు. గడప పసుపు ఇంకా తడిగానే ఉంది. నన్ను వెతుకుతూ ఇంటింటి ముందూ ఆగి, దాన్ని వాళ్ల గోడకి ఆనించి, తలుపు తీసి, "ఉన్నారా అండీ?" అని నా గొంతుతో అడుగుతున్నాడు. ఇక్కడ గుమ్మం ఉండాల్సిన చోట ఇటుకలు నెమ్మదిగా ఒకదాన్నొకటి కలుసుకుంటున్నాయి. అలివేలు ఆయన వస్తారని ఆ గోడ వంకే చూస్తూ జడ సర్దుకుంటోంది.