లిఫ్టు బాబాయి జీతానికి ఎనిమిది రెట్లు

శాసనసభ భవనంలో అతన్ని అందరూ లిఫ్టు బాబాయి అనేవారు. పంతొమ్మిదేళ్లుగా అదే లిఫ్టు, ఏడేళ్లుగా అదే జీతం. అది చాలక తెల్లవారుజామునే ఇంటింటికీ పేపర్లు వేసి డ్యూటీకి వచ్చేవాడు. ఈమధ్య మోకాలు మొరాయిస్తోంది. జీతం నాలుగు రాళ్లు పెరిగితే పేపర్ల పని మానేద్దామని అతని ఆశ. పెట్టిన అర్జీలన్నీ ఏ బీరువాలో నిద్రపోతున్నాయో ఎవరికీ తెలియదు.

సభ్యుల జీతాలు సభ్యులే పెంచుకుంటే జనం నవ్వుతారని, ఆ పనికి చీటీలు తీసి ఐదుగురు మామూలు మనుషులతో ఒక సంఘం వేసేవారు. సంఘం చెప్పింది ఉన్నదున్నట్టు ఒప్పుకోవాలి, లేదా పాత జీతంతో సరిపెట్టుకోవాలి. ఒక్క అక్షరం మార్చడానికి వీల్లేదు. ఈసారి సభ్యులు రెట్టింపు అడిగారు.

"ధరలు మండిపోతున్నాయి బావా, ఎలా బతకడం?" అని లిఫ్టులోనే వాపోయేవారు. గోడలకు చెవులుంటాయంటారు గానీ, లిఫ్టు బాబాయికీ ఉంటాయని ఒక్కరికీ తోచలేదు.

సంఘం పెద్ద రిటైరైన హెడ్మిస్ట్రెస్. ఓ రోజు మూడో అంతస్తుకు వెళ్తూ అడిగింది.

"పొద్దస్తమానం నిలబడే ఉంటావా నాయనా? ఈ భవనంలో అందరికంటే తక్కువ జీతం ఎవరిది?"

"ఇంకెవరిదమ్మా, నాదే."

జీతం ఎంతో చెప్పాడు. ఆవిడ నమ్మలేక మళ్లీ చెప్పించుకుని రాసుకుంది.

వారం తిరిగేసరికి సంఘం నిర్ణయం వచ్చింది. భవనంలో అతి తక్కువ జీతానికి ఎనిమిది రెట్లు సభ్యుడి జీతం! లెక్క వేసి చూస్తే ఇప్పుడొస్తున్నదీ అంతే. సభ్యులు గయ్యిమన్నారు, ఎగిరిపడ్డారు, చివరికి, కాదంటే పెరిగే ఆశే ఉండదని ఒప్పుకున్నారు.

మర్నాటినుంచి లిఫ్టులో మాట తీరే మారిపోయింది.

"మోకాలెలా ఉంది బాబాయ్? ఇంత తక్కువ జీతమా? అన్యాయం కదూ!"

ఒకాయన మందు తెచ్చాడు. ప్రతిపక్ష నాయకుడు స్వయంగా స్టూలు మోసుకొచ్చాడు. ఉప్పూ నిప్పూలా ఉండే రెండు పక్షాలూ కలిసి బల్లలు చరిచి, బాబాయివీ, ఊడ్చేవాళ్లవీ, తోటమాలివీ జీతాలు ఒక్క పూటలో రెట్టింపు చేశాయి.

చివరి సంతకానికి వచ్చిన హెడ్మిస్ట్రెస్‌ను చూడగానే బాబాయి కళ్లు చెమ్మగిల్లాయి.

"నా జీతం పెంచారు, మీ రుణం తీర్చుకోలేనమ్మా."

"నేనెక్కడ పెంచానయ్యా? నేను రాసింది వాళ్ల జీతం సంగతి. నీది పెంచింది వాళ్లే. పాపం, ఎంత కష్టపడ్డారో!"

ఇద్దరూ కిందికి దిగేదాకా నవ్వుతూనే ఉన్నారు.

మర్నాడు గుమ్మంలో పేపరు పడిన చప్పుడు బాబాయి పక్కమీదనుంచే విన్నాడు.