పేరు అచ్చు వేయని ఇటుకలు

మా ఆయన శ్యామ్‌సుందర్‌కి దేనికైనా కారణం చెప్పకపోతే అన్నం సహించదు. పాలు విరిగినా, కారు మొరాయించినా, నాకు కోపం వచ్చినా సైన్సు ప్రకారం ఎందుకలా జరిగిందో చెప్తారు. మా బేస్‌మెంట్‌లో ఇటుకల మీద ఉప్పు పూసినప్పుడు కూడా చెప్పారు.

"ఇటుకలో సాల్ట్స్ ఉంటాయి వసూ. తేమ బయటికొస్తూ వాటిని మోసుకొస్తుంది. తడి ఆరిపోయాక తెల్లగా మిగుల్తుంది. అంతే."

"తేమ ఎక్కణ్ణుంచి వస్తోందండీ? డీహ్యుమిడిఫయర్ ఆపకుండా నడుస్తోంది. మీ సాక్సులు ఆరుతున్నాయి గానీ ఆ ఇటుకలు ఆరవా?"

"చూద్దాం" అన్నారు. ఆయన చూద్దాం అన్నారంటే చేతులెత్తేశారని అర్థం.

ఆ ఇటుకలు మా ఇంటికి ఎలా వచ్చాయో చెప్పాలి. మా ఆయన న్యూజెర్సీలోని పిస్కాటవేలో సెరామిక్స్ చదివి, రారిటన్ నది ఒడ్డున హాల్‌కోంబ్ బ్రిక్ వర్క్స్‌లో బట్టీల ఇంజనీరుగా చేరారు. అమెరికా అంతర్యుద్ధం కంటే ముందు పుట్టిన కంపెనీ అది. ఒక డచ్చి రైతు తన పొలంలో మొక్కజొన్న పండక, కింద ఎర్రమట్టి ఉందని తెలుసుకుని మొదలుపెట్టాడట. ఆ తర్వాత కొడుకులు, మనవలు, వాళ్ళ మనవలు. పడవల మీద ఇటుకలు న్యూయార్క్ వెళ్ళేవి. ప్రతి ఇటుక నడుమా 'హాల్‌కోంబ్' అని అచ్చు ఉంటుంది. మేం మన్‌హాటన్ వెళ్ళినప్పుడల్లా కూల్చేస్తున్న బిల్డింగుల దగ్గర మా ఆయన ఆగి, ఇటుక తిప్పి చూసి, "మనదే!" అనేవారు. ఆయన గుంటూరులో పుట్టారన్న సంగతి ఆ క్షణంలో ఆయనకే గుర్తుండేది కాదు.

అలాంటి కంపెనీ డెబ్బై తొమ్మిదిలో మూతపడింది. గ్యాస్ ధర పెరిగింది, ఇటుకల ఇళ్ళు కట్టేవాళ్ళు తగ్గారు. వంద సంవత్సరాలు దాటి ఆరని బట్టీని మా ఆయనే తన చేత్తో ఆపారు. ఆ రోజు ఇంటికొచ్చి ఏ కారణమూ చెప్పలేదు. ఊరికే కూర్చుని ఏడ్చారు. నాకూ ఏడుపొచ్చింది.

తర్వాత ఆయనకి వేరే ఉద్యోగం దొరికింది. మేం ఎడిసన్‌లో ఇల్లు కొనుక్కున్నాం. మా మొదటి సొంత ఇల్లు. గృహప్రవేశానికి జగదీష్ గారిని పిలిచాం. ఆయన మందుల కంపెనీలో కెమిస్టు. చిన్నప్పుడు తాతగారి దగ్గర నేర్చుకున్న మంత్రాలు సగం గుర్తున్నాయి, మిగతా సగం క్యాసెట్‌లో ఉన్నాయి. అప్పట్లో న్యూజెర్సీలో మాకు ఆయనే పురోహితుడు.

"హోమగుండానికి ఇటుకలు తెండి. కానీ అక్షరాలున్నవి వద్దండోయ్. అక్షరం సరస్వతి, దాని మీద నిప్పు పెట్టకూడదు" అన్నారు జగదీష్ గారు.

కాగితం కాలికి తగిలితే కళ్ళకద్దుకునే జాతి మాది. ఆ మాట కాదనడం ఎలా? పోనీ ఇంకెక్కడైనా కొనొచ్చు కదా అంటే, ఇంకో కంపెనీ ఇటుక మా గడప తొక్కడానికి మా ఆయన ఒప్పుకోరు. అప్పుడు ఆయనకి ఫ్యాక్టరీలో కంచె పక్కనున్న కుప్ప గుర్తొచ్చింది. అచ్చు వేయని ఇటుకలు. ఎప్పటివో, ఎందుకు అమ్మలేదో ఎవరూ చెప్పలేదు. పనివాళ్ళు దాని పక్కనుంచి వెళ్ళేటప్పుడు టోపీ తీసేవాళ్ళట. అదేదో పాత అలవాటనుకున్నారు. వాచ్‌మన్‌కి చెప్పి, హోమానికి సరిపడా డిక్కీలో వేసుకొచ్చారు.

హోమం బాగా జరిగింది. స్మోక్ అలారం బ్యాటరీ ముందే తీసేశాం కాబట్టి అగ్నిహోత్రుడికీ అమెరికాకీ గొడవ రాలేదు. హోమం చేసిన ఇటుకలు తొక్కకూడదు, చెత్తలో వేయకూడదు. బేస్‌మెంట్‌లో చెక్క మీద పేర్చాం. చలికాలానికి ఉప్పు పూయడం మొదలైంది. తుడిచేదాన్ని. మళ్ళీ వచ్చేది. బేస్‌మెంట్‌లో నెయ్యి వాసన పోయి, బురద వాసన పట్టుకుంది. బట్టలు ఉతకడానికి దిగితే వెనకాల ఎవరో అలసిపోయి కూర్చున్నట్టు ఉండేది. ఎవరూ ఉండేవారు కాదు. నాకు భయం వేసేది, ఆ భయానికి మా ఆయన మీద ఒంటికాలి మీద లేచేదాన్ని.

ఒకరోజు మా ఆరేళ్ళ విద్య తన బొమ్మ టీ సెట్ తీసుకెళ్ళి ఆ ఇటుకల ముందు ఐదు కప్పులు వరసగా పెట్టి నీళ్ళు పోస్తోంది.

"ఏం చేస్తున్నావే?"

"అంకుల్స్‌కి వాటర్ అమ్మా. వాళ్ళు వర్క్ చేసి వచ్చారు."

"ఏ అంకుల్స్?"

"ఇక్కడ కూచుంటారు కదా. షూస్ నిండా మడ్."

మర్నాటికి కప్పులు ఖాళీగా ఉన్నాయి. నీళ్ళు ఆవిరైపోతాయని మా ఆయన మొదలుపెట్టారు.

"ఒక్క మాట మాట్లాడితే నేనూ పిల్లా ఇక్కడుండం. ఇది నా ఇల్లు. ఆ ఇటుకలు ఇంట్లోంచి పోవాలి" అన్నాను.

జగదీష్ గారికి ఫోన్ చేస్తే, "పారే నీళ్ళలో నిమజ్జనం చెయ్యండమ్మా" అన్నారు. ఎనభై ఒకటి ఏప్రిల్‌లో ఒక శనివారం విద్యని వాళ్ళ ఫ్రెండ్ బర్త్‌డే పార్టీలో దింపి, ఇటుకలు కారులో వేసుకుని రారిటన్ ఒడ్డుకి బయల్దేరాం. నదిలోకి దిగడానికి మా ఆయనకి తెలిసిన దారి పాత ఫ్యాక్టరీలోంచే.

అక్కడ ఫ్యాక్టరీ లేదు. బట్టీలు, పొగగొట్టాలు, కుప్ప, అన్నీ చదును చేసేశారు. టౌన్‌హౌసులు కడతారని బోర్డు పెట్టారు. కంచె దగ్గర ఒక ముసలావిడ పూలగుత్తి పట్టుకుని నిలబడి ఉంది. మమ్మల్ని చూసి గబగబా వచ్చింది.

"ఇక్కడ ఇటుకల కుప్ప ఉండాలి. ఏం చేశారు దాన్ని?" అని ఇంగ్లీషులో నిలదీసింది. మేం ఆ కాంట్రాక్టరు మనుషులం అనుకుంది.

మా ఆయన తను ఎవరో చెప్పారు. కుప్ప ఎందుకని అడిగారు.

ఆవిడ పేరు ఇలోనా బార్టోష్. వాళ్ళ నాన్న హంగరీ నుంచి వచ్చి ఇక్కడ మట్టి తవ్వేవాడట. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు, వానలు పడిన ఏప్రిల్ నెలలో, మట్టిగోడ విరిగి ఐదుగురి మీద పడింది. వాళ్ళ నాన్న, వాళ్ళింట్లో అద్దెకుండి భోంచేసే నలుగురు కుర్రాళ్ళు. శవాలు దొరకలేదు. కంపెనీ ఎన్నాళ్ళో ఆగలేదు. అక్కడే మళ్ళీ తవ్వమంది.

"పనివాళ్ళు తవ్వారు. తవ్వకపోతే తిండి లేదు. కానీ ఆ మట్టితో చేసిన ఇటుకల మీద కంపెనీ పేరు వెయ్యనివ్వలేదు. అమ్మనివ్వలేదు. ఒక్క ఇటుక కదిలినా అందరం పని మానేస్తామన్నారు. యజమానులు మారినా కుప్ప అలాగే ఉంది. మాకు సమాధి అదే" అంది.

మా ఆయన వెళ్ళి డిక్కీ తెరిచారు.

ఆవిడ వంగి చూసింది. ఇటుకల మీద ఉప్పు మళ్ళీ పూసి ఉంది, బయల్దేరే ముందే నేను తుడిచినా సరే. తెల్లటి చారలు, ఒకదాని కింద ఒకటి. ఆవిడ వేలితో తాకింది.

"మా నాన్న చొక్కా వీపు మీద ఇలాగే ఉండేది. చెమట ఆరిపోయిన చారలు. మా అమ్మ తిడుతూ ఉతికేది" అని ఆ డిక్కీ అంచు పట్టుకుని ఏడ్చింది.

రెండు చలికాలాలుగా నేను తిడుతూ తుడిచింది కూడా అదే.

వాళ్ళమ్మ సమాధి రాయి మీద భార్యాభర్తలిద్దరి పేర్లూ చెక్కించారట. ఒక పక్క నేల మాత్రం ఇప్పటికీ ఖాళీ. ఆవిడ చాలాసేపు చూసి ఒక ఇటుక తీసుకుంది. ఎలా ఎంచుకుందో అడగలేదు. అది పూలతో పాటు ఒళ్ళో పెట్టుకుంటే, కారులో ఆ శ్మశానానికి తీసుకెళ్ళి, ఆ ఖాళీ నేలలో పాతిపెట్టాం.

"మిగతావి?" అన్నాను నేను. అవీ ఆవిడే తీసుకుంటుందన్న నా ఆశ అంతా ఆ మాటలోనే ఉంది.

"ఆ కుర్రాళ్ళకి ఎవరూ లేరమ్మా. అప్పుడే ఓడ దిగారు. మీరేం చేశారు వీటితో?"

చెప్పాను. కొత్త ఇల్లు, నిప్పు, నెయ్యి, మంత్రాలు, దేవతల్ని లోపలికి పిలవడం. తప్పు చేశాం, క్షమించండి అన్నాను.

"ఇన్నేళ్ళలో వాళ్ళ దగ్గర దీపం పెట్టి ఇంట్లోకి పిలిచినవాళ్ళు లేరు. మీరు పిలిచారు. వచ్చారు" అంది ఆవిడ.

ఆ రోజు గృహప్రవేశం చేసింది మేమొక్కళ్ళమే కాదన్నమాట. ఇప్పుడు వాళ్ళని తీసుకెళ్ళి ఏట్లో పారెయ్యాలా? మా ఆయన నా వైపు చూశారు. "ఇంటికి పోనివ్వండి" అన్నాను. ఇటుకలు మళ్ళీ బేస్‌మెంట్‌లోకి దిగాయి. ఉప్పు పూస్తూనే ఉంది. నేను తుడవడం మానేశాను.

ఆ ఏడు మహాలయ అమావాస్యకి జగదీష్ గారిని మళ్ళీ పిలిచాం. దిక్కులేనివాళ్ళకి ఆ రోజు ఎవరైనా తిలోదకాలు ఇవ్వొచ్చట. బేస్‌మెంట్‌లోనే పీట వేశాం. నువ్వులు, దర్భలు, నీళ్ళు. క్యాసెట్ ఆపి ఆయన అడిగారు: "గోత్రం?"

నేను మా ఆయన వైపు చూశాను.

"గోత్రం తెలీనివాళ్ళది కాశ్యప అంటారు కదండీ. కాశ్యప గోత్రమే అనండి" అన్నారు మా ఆయన. తర్వాత ఇలోనా దగ్గర నేర్చుకున్న పేర్లు ఒక్కొక్కటే చెప్పారు. ఫెరెంత్స్. మిహాయ్. గెర్గే. లాయోష్. బట్టీ ఆపిన రోజున ఏడ్చినప్పటిలాగే ఉంది ఆయన గొంతు.

వెనకాల మెట్ల మీద చప్పుడైంది. విద్య టీ సెట్ పట్టుకుని దిగింది. దానికి మేం ఏమీ చెప్పలేదు, ఇలోనా గురించి గానీ, శ్మశానం గురించి గానీ. ఇటుకల ముందు కూర్చుని కప్పులు వరసగా పెట్టింది. నాలుగే పెట్టింది.

"ఐదోది ఏదే?" అన్నాను.

"ఆ అంకుల్ వాళ్ళింటికి వెళ్ళిపోయాడు కదమ్మా."

మా ఆయన దానికి ఏ కారణమూ చెప్పలేదు. చెంబు తీసుకుని నాలుగు కప్పుల్లోనూ నీళ్ళు పోశారు.