పేరు ఇంకా అచ్చుకాలేదు

వెర్నా ఊపిరి బిగబట్టి, కోసుగా కత్తిరించిన అట్టముక్క కొనకు జిగురు చుక్క అంటించింది. సూక్ష్మదర్శిని కింద పెంకుపురుగు వెల్లకిలా పడి ఉంది. ఆవగింజంత కూడా లేదు. జిగురు ఎక్కువైతే పొట్ట మూసుకుపోతుంది, తక్కువైతే పురుగు ఊడిపోతుంది. మ్యూజియం వెనుక గదిలో, జుట్టు నల్లగా ఉన్నప్పటినుంచీ ఆమె చేస్తున్న పని ఇదే. మెడ ముందుకు వంగిపోయింది. ఏం పని చేస్తావమ్మా అని ఎవరైనా అడిగితే, ఆఫీసు పని అని ఊరుకుంటుంది.

జిగురు ఆరేలోగా, మ్యూజియంలో పురుగుల శాస్త్రవేత్త డాక్టర్ హెస్టర్ చెబుతుంటే టైపు చేసింది. ఒళ్లు గోధుమరంగు, మెరుపు లేదు. కళ్లు చిన్నవి. రెక్కల పెంకుల మీద గుంటల వరుసలు. ఎగరలేదు. వినగా వినగా తన అన్న క్లారీ గురించే చెబుతున్నట్టు అనిపించి వెర్నాకు నవ్వొచ్చింది.

ఆ పురుగును పట్టింది క్లారీయే. బతుకంతా కలప మిల్లులో రంపం దగ్గర గడిపి, ఆదివారాలు కొండమీది అడవిలో రాలిన ఆకులు జల్లెడ పట్టేవాడు. పెళ్లీ పెటాకులూ లేవు. లోకంలో ఎవరూ ఎరగని పురుగు అతని జల్లెడలో పడింది. దానికి అతని పేరే పెడుతున్నారు. ఆ సంగతి అతనికొక్కడికే తెలియదు.

ఈ వృత్తిలో అదొక కట్టుబాటు. వర్ణనతో సహా అచ్చయ్యేదాకా కొత్త పేరు పైకి అనకూడదు. వట్టి పేరు ముందుగా ఏ దినపత్రికకో ఎక్కితే అది చెల్లదు, పైగా గందరగోళం. క్లారీ నోట్లో నువ్వుగింజ నానదు. ఊరి పత్రికకు వారం వారం ఉత్తరాలు రాసే మనిషాయె.

మధ్యాహ్నం రోజూలాగే ఆస్పత్రికి వెళ్లింది. క్లారీ ముక్కులో గొట్టం, మంచం నిండా ఎముకలు.

"ఏమే, నా పురుక్కి పేరు పెట్టారా?"

"పెడితే చెప్తాలే. ముందా సూపు తాగు."

"మీ డాక్టరమ్మ మొగుడి పేరు పెట్టేస్తుందేమో, చూస్కో."

"ఆవిడకి మొగుడు లేడు."

"అయితే పిల్లి పేరు." నవ్వబోయి చాలాసేపు దగ్గాడు. "నేనుండగా చెప్పేస్తే బావుణ్ణే."

ఆ మాట వెర్నా నాలుక చివరిదాకా వచ్చింది. పక్క మంచం ముసలాయన చెవులు రిక్కించి వింటున్నాడు. ఆమె మాట మింగేసి దుప్పటి సర్దింది.

మ్యూజియానికి తిరిగొచ్చి ఎర్రచీటీ తీసుకుంది. కొత్త జాతికి ఆధారంగా నిలిచే ఒక్క పురుగు సూదికే ఆ రంగు చీటీ గుచ్చుతారు. సన్నటి కలంతో పేరు రాసింది. సిరా ఆరకముందే ఆమెకు ఏడుపొచ్చేసింది.

"ఇంక నావల్ల కాదమ్మా. అన్నయ్యకి చెప్పేస్తాను."

డాక్టర్ హెస్టర్ కళ్లద్దాలు తీసింది. "అయ్యో, ఇంకా చెప్పలేదా వెర్నా గారూ? మీ అన్నగారికి చెప్పొద్దని నేనెప్పుడన్నాను? వెళ్లండి, వెళ్లండి."

వెర్నా వెళ్లేసరికి మంచం చుట్టూ తెర లాగి ఉంది. "టీ తెస్తానని వెళ్లానండీ," అంది నర్సు. "వచ్చి చూస్తే అయిపోయింది."

వెర్నా తెరలోకి వెళ్లి, వంగి, అతని చెవిలో చెప్పింది. "నీ పేరే పెట్టారు అన్నయ్యా. నీ పేరే." వినపడలేదేమోనన్నట్టు మళ్లీ గట్టిగా చెప్పింది. ఇన్నాళ్లు నోరు కుట్టుకుని సాధించిందేమిటని తనను తాను తిట్టుకుంది.

తెర అవతలినుంచి ముసలాయన అన్నాడు. "ఆ ముక్క మజ్జాన్నం చెబితే పోయేదా తల్లీ? నువ్వెళ్లాక కూడా దాని గురించే అడిగాడు."



నర్సు బీరువా సొరుగులోంచి ఒక మాత్రల డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది. మూతకు సూదితో బెజ్జాలు పొడిచి ఉన్నాయి. లోపల వంకర పెన్సిలు రాతతో ఒక చీటీ: ఆస్పత్రి, తలగడ కింద, పట్టింది క్లారీ, వెర్నా కోసం. ఎక్కడైనా దొరికే పిండిపురుగొకటి ఆ చీటీ అంచు పట్టుకుని పైకెక్కబోయి, జారి, మళ్లీ ఎక్కుతోంది.