పథ్యం వండే కంపైలర్

రాజమోహన్ మొండికేశాడంటే కంపెనీలో అందరికీ హడలే. అలాంటి మనిషిని ఒప్పించే పని పాపం లిఖిత నెత్తిన పడింది. వింజమూరు పిల్ల. హైదరాబాదు ఆఫీసులో అతనికి పైఅధికారి, వయసులో మాత్రం సగం. అతను ఆత్మకూరులో ఇంట్లోనే కూర్చుని పని చేస్తాడు.

పాలకేంద్రాల్లో వెన్నశాతం చూసే పెట్టెల కోసం కంపెనీ ఒకప్పుడు సొంతంగా ఓ బుల్లి ఆపరేటింగ్ సిస్టం రాయించుకుంది. దానికి ప్రోగ్రాములు తయారుచేసే కంపైలర్ రాజమోహన్ చేతిలో పెరిగింది. తోటివాళ్ళంతా తలో దారి చూసుకున్నారు, ఇతనొక్కడే మిగిలాడు. ఇప్పుడు దాన్ని మూసేయాలంటున్నారు. అది కూడా పోతే అతనికి పొద్దున లేచి చేయడానికి ఏమీ ఉండదు. తల్లి నిరుడే పోయింది. ఇంట్లో పలకరించే దిక్కు లేదు.

అందరూ వాడే కంపైలర్ మనకెందుకు పనికిరాదని లిఖిత ఫోన్లో మెత్తగానే అడిగింది.

ఎన్నాళ్ళకో ఒకరు అడిగారు. ఇక రాజమోహన్‌ను ఆపడం ఎవరి తరం? ఆ పెట్టెకు తన ప్రోగ్రాము తాను తయారు చేసుకునేంత మెమరీ లేదు, మన లాప్‌టాప్‌లో చేసి పంపాలన్నాడు. అదే చిప్‌కు రాసే కంపైలర్లు బయట దొరుకుతాయి, నిజమే. కానీ అవి లోపల ఇంకేదో ఆపరేటింగ్ సిస్టం ఉందనుకుని రాస్తాయి. ప్రోగ్రాము ఎక్కడ కూర్చోవాలో, ఏం కావాలన్నా ఎవరిని అడగాలో వాటి పద్ధతులు వాటివి. ఒక్క తప్పూ చూపించకుండా పని ముగిస్తాయి, తీరా పెట్టెలో వేస్తే అది లేవదు.

"పథ్యం వండినావా ఎప్పుడన్నా?" అన్నాడు. "మంచాన పడ్డ మనిషి లేచి వండుకోలేడు. మన పొయ్యి మీద మనమే వండాల. మన నోటికి కాదు, ఆ కడుపుకి వండాల. మా అమ్మకి ఏళ్ళ తరబడి ఉప్పు లేకుండా వండినాను."

లిఖితకు బాగానే అర్థమైంది. అయితే సీతారామపురంలో మిగిలిన ఆఖరి పెట్టెను కూడా తీసేసి కొత్తరకం పెట్టారని ఇద్దరికీ తెలుసు. అయినా అతను రోజూ ఆ పాత పెట్టెకే ప్రోగ్రాము తయారుచేస్తున్నట్టు ఆమెకు సర్వర్లో కనిపిస్తూనే ఉంది.

"సార్, ఇప్పుడా పథ్యం ఎవరు తింటా ఉండారు?" అంది. ఆమె అడిగింది పెట్టె గురించే.

రాజమోహన్ వంటగది వైపు చూశాడు. పొయ్యి మీద పొట్లకాయ కూర ఉంది. అందులో ఉప్పు లేదు. తల్లి పోయాక కూడా అతను ఏ కూరలోనూ ఉప్పు వేయలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, అడిగేవాళ్ళుంటే కదా.

"నేనేనమ్మా," అన్నాడు. "అమ్మ పోయినా అదే వండుకుంటా ఉండాను."

మళ్ళీ అతనే అన్నాడు.

"కంపైలర్ మూసేయండి. ఫోన్ మాత్రం అప్పుడే పెట్టేయబాకమ్మా."