ఊడిపోయిన మీసాలు

మొదటి మీసం గుండ్రమ్మ ఒళ్లోనే రాలింది.

బొమ్మ గీసిన పాత అట్టను సంచిలోంచి తీసి ఆఫీసు కిటికీ వెలుతురుకు పట్టుకుందో లేదో, బొమ్మ మీద నుంచి బొటనవేలంత కాగితం ముక్క ఊడి గిరగిరా తిరుగుతూ వచ్చి పడింది. దాని మీద ఒక మగవాడి తలకాయ, ఆ తలకాయకు గుబురు మీసం. అట్ట మీద ఆ ముక్క ఉన్నచోట ఇప్పుడు ఆమె పిన్ని మొహం ఉంది. నోరు తెరిచి ఎవరినో కేకేస్తోంది, ముందు పళ్ల మధ్య సందుతో సహా.

గుండ్రమ్మ ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక ముందు ఆ మీసం మీదే మండింది.

ఆమె అసలు పేరు పుస్తకాలు వేసే ఆ ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. బొమ్మల పుస్తకాల్లో మనుషులు మాట్లాడే మాటలను బుడగల్లో చేత్తో రాసేది. అక్షరాలు ముత్యాల్లా గుండ్రంగా ఉంటాయని గుండ్రమ్మ అన్నారు, అదే ఖాయమైంది. 'నిజవీరులు' అనే వరసలో వచ్చిన ప్రతి పుస్తకానికీ అక్షరాలు ఆమెవే. నిజంగా బతికిన మనుషుల సాహసగాథలని పుస్తకం పై అట్ట మీద రాసింది కూడా ఆమే. ఇప్పుడా పాత పుస్తకాలకు మళ్లీ గిరాకీ వచ్చింది. చిన్న ఓనరు పన్నెండు కథలు కలిపి ఒక లావుపాటి పుస్తకం వేస్తున్నాడు. అప్పట్లో ఆఫీసులో పనిచేసినవాళ్లలో బతికున్నది గుండ్రమ్మ ఒక్కతే కనుక, 'ఇవి మూలచిత్రాలే, దేన్నీ మార్చలేదు' అన్న కాగితం మీద ఆమె సంతకం కావాలి. ఆ సంతకం పుస్తకం మొదటి పేజీలో అచ్చవుతుంది.

నలభై నాలుగేళ్ల కిందట బట్టలు కుట్టే అయిదంతస్తుల ఫ్యాక్టరీ తగలబడింది. గుండ్రమ్మ పిన్ని అక్కడ లిఫ్టు నడిపేది. మెట్ల తలుపుకు తాళం పడి ఉంది. పనివాళ్లు పనిమానేసి బయటికి పోతారని సూపర్‌వైజరు రోజూ వేసే తాళమే అది. తాళంచెవి జేబులో వేసుకుని అతను అందరికంటే ముందు వీధిలోకి వచ్చాడు. పిన్ని మాత్రం ఆ ఇనుప లిఫ్టును మనుషులతో నిండుగా ఏడుసార్లు దించింది. ఆ కథను 'నిజవీరులు'లో వేయడానికి ఆఫీసు చిత్రకారుడు రెండు సాయంత్రాలు ఆవిడ గదిలో కూర్చుని మొహం గీసుకుని మరీ ఏడు బొమ్మలు వేశాడు.

పెద్ద ఓనరు చూసి పెదవి విరిచాడు. "లిఫ్టు తిప్పే ఆడదాన్ని వీరురాలంటే ఏ పిల్లాడు కొంటాడయ్యా? ఆ సూపర్‌వైజరు ఫొటో పేపర్లో పడింది. అతని తలకాయ అంటించండి."

నీలం కోటు పిన్నిదే, చేతులు పిన్నివే. తలకాయలు మాత్రం మారాయి. అంటించింది ఇరవై రెండేళ్ల గుండ్రమ్మ. కిక్కురుమనలేదు. ఉద్యోగం కొత్త, నోరు చిన్నది.

ఆ తర్వాత పిన్ని అగ్నిప్రమాదం గురించి ఎప్పుడు నోరెత్తినా, ఎవరో ఒకరు ఆ పుస్తకం తెచ్చి మొహాన పెట్టేవారు. "ఇందులో మీసాలాయన కదా ఉన్నాడు? కోతలు కొయ్యడానికైనా హద్దుండాలి." కొన్నాళ్లకు ఆవిడ చెప్పడమే మానేసింది.

ఇప్పుడు గుండ్రమ్మ ఆ బొమ్మల అట్టలన్నీ తీసింది. నాలుగు తలకాయలు వాటంతటవే రాలాయి. మిగతా మూడూ గోరు తగలగానే వచ్చాయి. ఆ పనిలో రెండు రకాల జిగురు వాడేవారు. కాచిన మైదా జిగురుతో అంటిస్తే కాగితం చిరుగుతుందేగాని ఊడదు. సైకిల్ ట్యూబులకు రాసే రబ్బరు జిగురు తొందర పనికి వాడేది, ఏళ్లు గడిస్తే ఎండి పొట్టులా లేస్తుంది. కావాలనే రబ్బరు జిగురు రాశానని చెప్పుకుంటే ఎంత బాగుండేదో. కాదు, ఆ రోజు మైదా జిగురు పులిసిపోయి కంపుకొట్టింది, అంతే.

చిన్న ఓనరు టీ కప్పుతో వచ్చి చూశాడు.

"ఊడిపోయాయా? పోనీలెండి ఆంటీ, మళ్లీ అంటించేయండి. అప్పుడూ మీరేగా అంటించింది."

"అవును, నేనే. సిగ్గులేకుండా."

"అలా అంటారేంటి? కొనేవాళ్లు పాతదనానికే మోజుపడతారు. ఒరిజినల్ ఒరిజినల్‌లాగే ఉండాలి."

"ఒరిజినల్ కిందుంది నాయనా. నువ్వు అంటించమంటున్నది మీ నాన్న చెప్పిన అబద్ధం."

అతని మొహం మాడిపోయింది. "పోయినాయన్ని ఎందుకు లాగుతారు? ఎప్పుడో జరిగినదానికి ఇప్పుడు రాద్ధాంతమెందుకు? మీరు అంటించకపోతే కంప్యూటర్లో పెట్టిస్తాను, మీసమెంతసేపు?"

గుండ్రమ్మ ఏడు తలకాయలనూ గుప్పిట్లోకి ఏరి, అతని చేతిలోని టీలో వేసింది. వేలు పెట్టి కలిపింది కూడా.

"పెట్టించుకో. పుస్తకం పై అట్ట మీద 'నిజవీరులు' అన్నది మాత్రం చెరిపించు. ఆ అక్షరాలు నావి. నా సంతకం అసలే అడక్కు."

అతను కప్పు వైపూ ఆమె వైపూ చూశాడు. సంతకం లేకపోతే పుస్తకం చిత్తుకాగితమని అతనికి తెలుసు. "సరే, మీ ఇష్టం. రేపు పొద్దున్నకల్లా అట్టలు నా బల్ల మీద ఉండాలి," అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

గుండ్రమ్మ కాలరెగరేసినంత పనిచేసింది. అట్టలు చంకన పెట్టుకుని తిన్నగా పిన్ని గదికి వెళ్లింది. డెబ్బై ఎనిమిదేళ్ల పిన్ని భూతద్దం పెట్టుకుని ఒక్కొక్క బొమ్మే చూసింది.

"పళ్ల సందు కూడా వదల్లేదే, సచ్చినోడు!" అని నవ్వింది. నవ్వుతూనే చివరి అట్ట దగ్గరికి వచ్చింది. అక్కడ బొమ్మ కింద మాటలు రాయడానికి గీతలు గీసిన ఒక డబ్బా. అందులో గుండ్రటి అక్షరాలు: 'ఏడుసార్లు! అందరూ క్షేమంగా బయటపడ్డారు!'

పిన్ని నవ్వు ఆగిపోయింది. "ఇదెవరు రాశారే?"

"నేనే పిన్నీ."

"అందరూనా?"

గుండ్రమ్మ ఆ అక్షరాలను మళ్లీ చదువుకుంది. పదకొండు శవాలను వీధిలో వరసగా పడుకోబెట్టినప్పుడు ఊరంతా చూసింది, తనూ చూసింది. పిల్లల పుస్తకంలో చావు ఉండకూడదన్నది ఆఫీసు రూలు. రాయమన్నారు, రాసింది. నలభై నాలుగేళ్లు మీసం మీద పళ్లు నూరుతూ కూర్చుంది కానీ, తన ముత్యాల అక్షరాల వంక ఒక్కసారి చూసుకోలేదు. ఆ ఒక్క మాటతో శవాలతోపాటు తాళం కూడా మాయమైంది. ఇందాకటి కోపమంతా ఇప్పుడు తన మీదికే తిరిగింది.

"ఆ బొమ్మలేసే ఆయన ఎన్నిసార్లు మనుషుల్ని దించావని అడిగాడు. ఏడని చెప్పాను," అంది పిన్ని. "ఎన్నిసార్లు పైకి వెళ్లావని అడగలేదు. ఎనిమిదోసారి కూడా వెళ్లానే. పైన తలుపు తీసి పిలిచాను. పొగలో నా చెయ్యే నాకు కనపడలేదు. మిగిలినవాళ్లు మెట్ల తలుపు దగ్గరున్నారు, చేతులతో బాదుతున్నారు. ఇటు రండర్రా, ఇటు రండని గొంతు చించుకున్నాను. ఆ చప్పుడులో నా మాట వినపడలేదు. కాసేపటికి చప్పుడు ఆగిపోయింది. ఖాళీ లిఫ్టు దించుకొచ్చాను."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"అందరూ క్షేమమని నువ్వే రాశావుగా. ఇంక నీకేం చెప్పను?"

 గుండ్రమ్మ సంచిలోంచి తెల్లకాగితం తీసి, డబ్బా కొలతకు కత్తిరించింది. రెండు వేళ్ల ఎత్తు, అరచేతి పొడవు. అందులో పదకొండు పేర్లు పట్టాలి, తాళం సంగతి పట్టాలి. గుండ్రంగా రాస్తే పట్టవు. కలానికి సన్నటి పాళీ పెట్టింది.

"పేర్లు గుర్తున్నాయా పిన్నీ?"

పిన్ని ఎక్కడా తడుముకోకుండా పదకొండూ చెప్పేసింది.

"అంత తొందరగా కాదు. ఒక్కొక్కటే చెప్పు," అంది గుండ్రమ్మ. "ముందు ఇది చెప్పు, ఇంట్లో మైదా ఉందా?"