సుంకం చావిడి ముందు తెరిచిన పెట్టె

ప్రతి ఉదయం నూర్‌బీ ఎండు చేపల గోతాన్ని నెత్తికెత్తుకునే ముందు దాని మూతికి కట్టిన తాడు తానే విప్పుతుంది. పాత సుంకం చావిడి ముందు నుంచి వెళ్లే ఏ సంచైనా, ఏ పెట్టైనా దానంతట అదే తెరుచుకుంటుంది కనుక, ముందే విప్పుకుంటే తాడు తెగదు. ఉప్పుటేటి ఒడ్డున ఉన్న ఆ ఊరికి కొత్త కోడలు కూడా ట్రంకుపెట్టె మూత ఎత్తిపట్టుకునే వస్తుంది. చావిడికి కాస్త దూరంలో ఉన్న మొగలి పొద దాటాక ఎవరిది వారు మళ్లీ మూసుకుంటారు. ఇందులో వింతేమీ ఎవరికీ కనబడలేదు.

వారికి వింతగా కనబడింది జడ్సన్ గారే.

నెల్లూరులో పెద్ద ఉద్యోగం చేసి విరమించిన ఆయన, నూరేళ్ల కిందట ఈ చావిడిలో సుంకపు అధికారిగా ఉన్న తన ముత్తాత ఇజ్రాయేలు చరిత్ర రాయ సంకల్పించి, రెండేళ్లు పాత కాగితాల గదులు గాలించారు. చావిడిని ఆ మహనీయుని స్మారకంగా మార్చాలని అర్జీ పెట్టారు. దాని అరుగు మీద చేపలు ఆరబెట్టుకునే, నూర్‌బీతో కలిపి పదకొండు మంది ఆడవాళ్లకు అర్జీలో దక్కింది ఒకే మాట: ఆక్రమణదారులు. తహసీల్దారు ఫ్లోరా గారు సంతకం పెడితే వాళ్లు అరుగు దిగాలి. చుట్టూ రొయ్యల గుంటలే. చేప ఆరడానికి మరో ఎత్తైన చోటు లేదు.

తహసీల్దారు తనిఖీ నాడు జడ్సన్ గారు మొగలి పొద దగ్గర కారు దిగి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నారు.

"ఈ కంపులో ఎట్లా బతుకుతారమ్మా మీరు?"

"ఈ కంపుతోనే బతికేది సార్," అంది అటుగా వచ్చిన నూర్‌బీ.

"మా ముత్తాత కాలంలో ఈ అరుగెక్కాలంటే మీవాళ్లు వణికేవాళ్లు."

"మా అమ్మను కన్న నానీ చెప్పేది. పిడికెడు ఉప్పు కోసం ఆడోళ్ల కొంగులు విప్పించి, తొంగి చూసి, 'పోవచ్చు' అనేవాడంట. మనిషి పోయినాడు గానీ ఆ చూపు మాత్రం ఈడనే ఉండాది."

"దాన్ని నిజాయితీ అంటారు."

నూర్‌బీ ఆయనను ఆపాదమస్తకం చూసింది. మెత్తబడిన చేపను ఏరి పారవేసే ముందు కూడా ఆమె అట్లాగే చూస్తుంది. అయినా, ఆయన చేతిలోని తోలుపెట్టెను చూసి ఊరి మర్యాద పాటించింది.

"పెట్టె కార్లో పెట్టి పోండి సార్. లేదంటే మూత తీసి పట్టుకోండి."

"దీనికి నంబరు తాళం ఉంది. చేపలమ్ముకునే నీకు ఆ సంగతి తెలియదులే."

ఆమె రెండోసారి చెప్పలేదు. రెండోసారి చెప్పదగిన మనుషులు వేరు.

పక్కనే ఉన్న విడవలూరులో పుట్టి పెరిగిన ఫ్లోరా గారు జీపు దిగుతూనే తన చేతిసంచి జిప్పు లాగి తెరిచి, చావిడి వైపు నడిచారు. ఆమె పక్కనే నడుస్తూ జడ్సన్ గారు ముత్తాత ధర్మనిష్ఠను వర్ణించసాగారు. సరిగ్గా గుమ్మానికి ఎదురుగా తాళంలోని అంకెలు వాటంతట అవే తిరిగాయి. పెట్టె తెరుచుకుంది. కాగితాలు చేపల మీద పడ్డాయి.

ఫ్లోరా గారు వంగి, పసుపుబారిన ఒక పుటను తీశారు. పైన ప్రభుత్వ ముద్ర, పక్కన చింపిన అంచు. అది ఇజ్రాయేలును కొలువు నుంచి తొలగించిన ఉత్తర్వు. ఓడల్లో వచ్చిన పట్టు మూటలను కళ్లు మూసుకుని వదిలేసి, ఆడవాళ్ల కొంగుల్లో ఉప్పు పట్టుకుంటూ పనిచేస్తున్నట్టు నటించాడని అందులో ఉంది.

"రికార్డు గదిలో దీన్ని చింపింది మీరేనా?"

"కాల్చేద్దామనే అనుకున్నాను," అన్నారు జడ్సన్ గారు. "ఉత్తర్వు అందినట్టు కింద ముత్తాత సంతకం చేశారు. ఆయన చేతిరాత మా ఇంట్లో ఇంకెక్కడా లేదు."

నూర్‌బీకి ఆయన మీద జాలి కలగబోయింది. ఆక్రమణదారులన్న మాట గుర్తొచ్చి ఆగిపోయింది.

ఫ్లోరా గారు అరుగు మీదే అర్జీ పరచి, తిరస్కరించినట్టు రాసి సంతకం పెట్టారు. చింపిన పుటను తన సంచిలో వేసుకున్నారు. "దీని సంగతి రికార్డు గదివాళ్లు మీతో మాట్లాడతారు," అని జీపెక్కారు.

జడ్సన్ గారు పెట్టె మూత ఒత్తారు. పైకి లేచింది. మోకాలితో నొక్కారు. మళ్లీ లేచింది.

"ఈడ మూత పడదు సార్. పొద దాకా అట్టనే పట్టుకొని పోండి."

ఆయన తెరిచిన పెట్టెను రెండు చేతులా మోసుకుంటూ అరుగు పక్కగా నడిచారు. పదకొండు మంది ఆడవాళ్లూ పని ఆపి ఒక్కొక్కరే తొంగి చూశారు. లోపల మిగిలింది మడత నలగని శాలువా ఒకటి, స్మారకం ప్రారంభోత్సవానికి రాసుకున్న ప్రసంగం ఒకటి.

అందరికన్నా చివర నూర్‌బీ చూసింది. తీరిగ్గా చూసింది.

"పోవచ్చు," అంది.