తాకాల్లా చుట్టిన పచ్చిక

సుశీలాబాయికి కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. ఈసారి కారణం కూడా పెద్దదే. భివండిలోని నార్పోలిలో, సాంచాలని పిలిచే మరమగ్గాలు ఆడే వాళ్ల కార్ఖానా ముందు గల్లీ మొత్తానికి ఉమ్మడిగా ఒక ఖాళీ జాగా ఉంది. దాన్ని నూలు మూటలు తోలే భూషణ్ తన టెంపోలు నిలబెట్టుకోవడానికి అడిగాడు. అడగడమంటే మర్యాదగా అడగడం కాదు. ముందు రెండు టెంపోలు తెచ్చి అక్కడ నిలబెట్టి, తర్వాత అడిగాడు.

గల్లీ పెద్ద అంకుశం పంచాయితీ పెట్టాడు. కండెలు చుట్టే ఆడవాళ్లు అన్నం డబ్బా విప్పుకుని కూర్చోవడానికి ఇంకెక్కడ చోటుందని సుశీలాబాయి నిలదీసింది.

"గా దుమ్ముల ఎవలు గూసుంటరు, చిన్నమ్మా? నువ్వేమన్న గార్డెన్ జేస్తవా?" అని భూషణ్ నవ్వాడు.

"చేస్తరా! పచ్చగడ్డి పరిపిస్త. ఏం జేస్తవ్?"

అనేసింది. నోటి నుంచి వచ్చాక ఇక వెనక్కి తీసుకునే మనిషి కాదు. అంకుశం కూడా ఆ మాటనే పట్టుకుని తీర్పు చెప్పాడు. "వానలు పడేదాక సుశీలకు గడువు. గడ్డి బతికితే జాగా మనుషులది. ఎండిపోతే టెంపోలది. మల్ల నా దగ్గరికి రావొద్దు."

అది మే నెల. భివండిలో రేకుల కింద సాంచాలు ఆడుతుంటే మనుషులే ఉడికిపోతున్నారు, గడ్డి సంగతి చెప్పాలా? ఇదేం న్యాయం అని సుశీలాబాయి ఇంటికొచ్చి గిన్నెలన్నీ ఎత్తి పడేసింది. ఆమె భర్త రాజమౌళి మాత్రం బకెట్ నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. నలభై ఏళ్లు సాంచాల మధ్య సిమెంటు గచ్చు మీద నిలబడ్డ కాళ్లు అవి. ఇప్పుడు అరికాళ్లు నిప్పుల మీద పెట్టినట్టు మండుతాయి. పచ్చగడ్డి మీద నడవమని డాక్టర్ చెప్పాడు. భివండిలో పచ్చగడ్డి ఎక్కడుందో మాత్రం చెప్పలేదు. ఆ డాక్టర్ మీద కూడా సుశీలాబాయికి కోపమే.

మర్నాడే నాసిక్ రోడ్డు మీది నర్సరీకి పోయింది. అక్కడ నిలేష్ అనే పిల్లవాడు గడ్డిని మట్టితో సహా చాపలా కోసి, చుట్టలు చుట్టి అమ్ముతున్నాడు. ఆ చుట్టలు చూడగానే ఆమె ప్రాణం లేచి వచ్చింది. అచ్చం తాకాలే! కార్ఖానాలో నేసిన బట్టను అలాగే చుట్టి తాకాలు చేస్తారు. ఇక తనకు తెలియని సరుకేముంది?

బట్ట చూసినట్టే చూసింది. బొటనవేలితో రాసింది, చిల్లులున్నాయేమో అని వెలుతురుకు పట్టింది. సన్నగా మెత్తగా ఉన్నదాన్ని పట్టుకుంటే, అది ఈ ఎండకు ఆగదు, మొద్దుగా ఉన్న గరిక రకమే తీసుకోమని నిలేష్ అన్నాడు. దానికి ఎలాగో ఒప్పుకుంది. అతను చుట్టను తిరగేసి వేర్లు చూపించబోతే మాత్రం ఒప్పుకోలేదు.

"ఎన్కదిక్కు ఎవలికి గావాలెరా? మొఖం జూపియ్యి, మొఖం!"

బండిలోకి ఎక్కిస్తూ నిలేష్ ఒకటికి రెండుసార్లు చెప్పాడు. "మావశీ, ఆజ్‌చ్ లావా." ఈ రోజే పరచాలట. పరిచాక బాగా ఒత్తాలట, వేరు పట్టేదాకా ఎవరూ కాలు పెట్టకూడదట. కాలు పెట్టొద్దంటాడు, మళ్లీ ఒత్తమంటాడు, వీడికి మతి ఉందా అనుకుంది సుశీలాబాయి. ఇవాళే పరచాలన్న తొందర కూడా నచ్చలేదు. ఇవాళ గురువారం, ఒక్క చెయ్యి కూడా ఖాళీ లేదు. రేపు శుక్రవారం సాంచాలకు సెలవు, అందరూ ఉంటారు. గోదాములో తాకాలు నెలల తరబడి ఉండడం లేదా?

చుట్టలన్నింటినీ గోదాములో గోడవారగా తాకాలు పేర్చినట్టే ఒకదాని మీద ఒకటి పేర్పించింది. దుమ్ము పడకుండా పైన ప్లాస్టిక్ పట్టా కప్పించింది. కొంచెం దూరం నిలబడి చూసుకుని మురిసిపోయింది కూడా.

"గా పిలగాడు ఇయ్యాల్నే పరువుమన్నడు గదనే" అన్నాడు రాజమౌళి.

"ఈ గోదాముల తాకాలు పేర్చింది నేనా, వాడా? నువ్వు కాళ్లు బకెట్ల పెట్టుకోని సప్పుడు జేయకుండ కూసో."

తెల్లారి పట్టా ఎత్తగానే ఆవిరి కొట్టింది. కుళ్లిన కుడితి వాసన. సుశీలాబాయి చుట్టల మధ్య చెయ్యి పెట్టి చటుక్కున వెనక్కి తీసుకుంది. జ్వరం వచ్చిన ఒళ్లులా కాలిపోతోంది. లోపలివి పచ్చదనం పోయి, పసుపుపచ్చగా, జిగటగా తయారయ్యాయి.

"ఏంది చిన్నమ్మా, గడ్డి ఉడకబెట్టినవా?" గేటు దగ్గర నిలబడి భూషణ్ పళ్లన్నీ బయటపెట్టాడు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. నిలేష్‌కు ఫోన్ చేసి, కుళ్లిన సరుకు అంటగట్టావని నానా మాటలూ అంది. అంతా విని అతను ఒక్కటే అడిగాడు, ఎప్పుడు పరిచారని. సుశీలాబాయి ఫోన్ పెట్టేసింది. తప్పు తనదేనని ఆ క్షణమే అర్థమైంది. అర్థమైనకొద్దీ కోపం పెరిగింది. అంత కోపాన్నీ ఒంటరిగా మోయలేక రాజమౌళి మీద పడింది. ముందే గట్టిగా ఎందుకు చెప్పలేదు, మగవాడివి కాదా, నోరు లేదా అని దులిపేసింది. అతను మామూలుగానే విన్నాడు.

కండెలు చుట్టే ఐలవ్వ అడ్డం వచ్చింది. "అక్కా, తిట్టుడు మాపటికి తిట్టు. బతికినయి ఎన్ని ఉన్నయో జూద్దాం పా."

పైవీ పక్కలవీ బతికాయి. లోపలివి పారబోశారు. జాగా మట్టి పెనంలా కాలుతుంటే, పోగులు తెగకుండా కార్ఖానా గచ్చు తడిపినట్టు ముందు నేలను బాగా తడిపారు. చుట్టలు విప్పి అంచుకు అంచు ఆనించి పరిచారు. మధ్యాహ్నం ఎండకు మాడకుండా, నేతలో చెడిపోయిన కోరా బట్టను గోడ నుంచి కర్రలకు కట్టి నీడ చేశారు. తెల్లవారుజామున ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి బోరు నీళ్లు పెట్టారు. ఒత్తడం ఊసెత్తకుండా, ఒక్కరినీ కాలు పెట్టనివ్వలేదు సుశీలాబాయి. పిల్లి నడిచినా తరిమింది.

ఇంత చేసినా ఆ మాయదారి గడ్డి పచ్చబడలేదు. రోజురోజుకూ ఎండుగడ్డి రంగుకు తిరిగింది. భూషణ్ వచ్చిపోయేవాళ్లకు వేలుపెట్టి చూపిస్తూ, "చచ్చిన గడ్డికి షామియానా ఏసిండ్రు" అని నవ్వాడు. ఆ నవ్వు విన్నప్పుడల్లా సుశీలాబాయి అతన్ని తిట్టిపోసేది. ఎవరూ చూడకుండా ఒక రోజు ఏడ్చింది కూడా.

ఒక పొద్దున నీళ్లు పెట్టడానికి వస్తే, మూలన గడ్డి మీద టెంపో నిలబడి ఉంది! నిండా నూలు మూటలు. రెండు చక్రాలూ పచ్చిక మీదే. సుశీలాబాయి కేకకు గల్లీ అంతా లేచింది. వెళ్లి టెంపో ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"గడువు ఇంక అయిపోలేదురా దొంగ! తీస్తవా, నా మీదికెల్లి తోల్తవా?"

"డ్రైవర్‌కు ఎర్కలేదు చిన్నమ్మా..."

"నీ డ్రైవర్‌కు కండ్లు లేవా? గీ బట్ట కట్టింది వానికి కనవడలేదా? ఆడోళ్లు కూసునే జాగంటే మీకు గంత అలుసా?"

టెంపో వెనక్కి పోయింది. మూలన గడ్డి నేలలోకి అణిగి, అప్పడంలా అయిపోయింది. ఆ మూలకు నీళ్లు పెట్టడం దండగని ఐలవ్వ అంది. సుశీలాబాయి పంతానికి ఆ మూలకే రెండు చెంబులు ఎక్కువ పోసింది.

జూన్‌లో మబ్బులు కమ్మిన సాయంత్రం అంకుశం వచ్చాడు. గల్లీ అంతా పోగైంది. గడ్డి గోధుమ రంగులో, అక్కడక్కడ మాత్రం పచ్చటి మొనలతో ఉంది. అంకుశం మొహం చూస్తేనే తీర్పు తెలిసిపోతోంది.

"ఏం జూస్తవ్ పెద్దనాయనా, ఎప్పుడో సచ్చింది" అంటూ భూషణ్ ముందుకొచ్చాడు. "నేనే సుట్టి అవతల పడేస్త. టెంపోలు బయట నిలవడ్డయి."

నేరుగా టెంపో ఎక్కిన మూలకే పోయాడు, అదే అన్నిటికన్నా చచ్చినట్టు కనబడింది గనక. వంగి అంచు పట్టుకుని, తాకా చుట్టేవాడిలా ఎత్తబోయాడు. లేవలేదు. రెండు చేతులా పట్టి గుంజాడు. కదల్లేదు. పళ్లు బిగించి లాగితే గుప్పెడు గడ్డి చేతికి వచ్చింది, దానితోపాటు భూషణ్ వెల్లకిలా పడ్డాడు. అతని పిడికిట్లో తెల్లటి వేర్లు కొత్త నూలు పోగుల్లా వేలాడుతున్నాయి.

వేరు మట్టికి అంటుకోవడానికే నిలేష్ ఒత్తమన్నాడని సుశీలాబాయికి అప్పుడు తెలిసింది. ఆ పనిని టెంపో చేసి పెట్టింది.

అంకుశం ఇంకో మూల తనే పట్టి లాగి చూశాడు. అదీ రాలేదు. "వేరు వట్టింది. జాగా మనుషులదే" అన్నాడు. "భూషణ్, టెంపోలు తీయి."

అందరూ చప్పట్లు కొడుతుంటే సుశీలాబాయి రాజమౌళి వైపు తిరిగింది. "ఏం జూస్తున్నవ్? చెప్పులిడువు."

అతను ఒక్కో చెప్పే విడిచి, భయం భయంగా గడ్డి మీద కాలు పెట్టాడు. రెండో కాలూ పెట్టాడు. కాసేపు కళ్లు మూసుకున్నాడు.

"సల్లగున్నదే" అన్నాడు.

ఆ ఒక్క మాటకు సుశీలాబాయి గెలిచిన సంతోషమంతా ఎటో పోయి, మళ్లీ ఒళ్లంతా కోపం లేచింది. ఈసారి భూషణ్ మీద కాదు. ఊరికంతటికీ బట్ట నేసిన ఈ కాళ్లకు గజమంత మెత్తటి నేల ఇవ్వడానికి ఈ భివండికి నలభై ఏళ్లు పట్టిందా? అదీ కొట్లాడితేనా?

"గట్లనే నిలవడు," అంది ముక్కు చీదుకుంటూ. "నేను దిగుమనేదాక దిగకు."